నీలకంఠం బావ పెట్టిన బొట్టు

మా బావ నీలకంఠం ఎవర్నీ నమ్మేవాడు కాదు. నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని మా వాళ్ళంతా అంటారు గానీ, ఈ మాట కోపంతో అంటున్నది కాదు, నిదానంగానే అంటున్నాను. పాలు పోసే చిలకమ్మని నమ్మడు. రిక్షావాణ్ణి నమ్మడు. చివరికి ఎండని కూడా నమ్మడు. పొద్దున పదింటికి కలిపిన రంగుని సాయంత్రం నాలుగింటికి మళ్ళీ బయటికి తెచ్చి చూసేవాడు.

"ఎండ అబద్దాలాడతది రా త్రినాథా. పొద్దున్న ఒక మాట సెప్తది, సాయంత్రం ఇంకోటి సెప్తది. రెండూ ఇన్నాకే రంగు పెట్టాల" అనేవాడు.

విశాఖపట్నంలో సినిమా హాళ్ళకి బ్యానర్లు వేయడం ఆయన పని. కంచరపాలెం రైల్వే గేటు పక్కన రేకుల షెడ్డు, దాని వెనకే రెండు గదుల ఇల్లు. మా అక్క గంగాభవానిని చేసుకున్న మరుసటి ఏడాది, అంటే 1971లో, నన్ను షెడ్డుకి పిలిపించుకున్నాడు. అక్కని మేము అప్ప అంటాం. శృంగవరపుకోట అవతల పల్లెలో పదో తరగతి రెండుసార్లు తప్పి, అరుగుల మీద కూచుని కబుర్లు చెబుతున్న నన్ను అప్పే తెప్పించింది. వచ్చిన మొదటి రోజే బావ నన్ను ఎగాదిగా చూసి, "మీ అప్ప మొగం సూసి రానిత్తన్నాను. సఫేదా డబ్బా మూత నాను సెప్తే గానీ తియ్యకు" అన్నాడు. ఆ తెల్లరంగు డబ్బా మూత మీద ఆయన వేలిముద్ర ఉండేది. తెల్లరంగుతో తానే ఒత్తుకున్నాడు. మూత కదిలితే ముద్ర చెదురుతుందన్నమాట. అలాంటి మనిషి దగ్గర మొదట పదకొండేళ్ళు, మళ్ళీ ఐదేళ్ళు పనిచేశాను. ఆయన నాకు మేలు చేశాడా, నేను ఆయనకి కీడు చేశానా అన్నది మీరే తేల్చండి.

పని మాత్రం బంగారంలా నేర్పాడు. అరచేతిలో పట్టే ఫొటో మీద గళ్ళు గీసేవాళ్ళం. ఇరవై అడుగుల గుడ్డ మీద సుద్ద తాడు కొట్టి అవే గళ్ళు పెద్దవిగా వేసేవాళ్ళం. ఏ గడిలో ఏముందో చూసి దాన్ని ఆ గడిలోనే పెంచడం నా పని. మొహాలు మాత్రం బావే వేసేవాడు. నీడ ఉన్నచోట ఆకుపచ్చ పులిమేవాడు, జుట్టులో నీలం. దగ్గర నుంచి చూస్తే ఎవరో రంగుల డబ్బాలు తన్నేసినట్టుండేది. రోడ్డు అవతలికి వెళ్ళి చూస్తే నిండు మొహం.

"అవతలికి ఎల్లేసరికి మొగం ఎలగొచ్చింది బావా?" అని మొదటి నెలలోనే అడిగాను.

"నానెయ్యలేదు. నీ బుర్ర యేసుకుంది" అన్నాడు. తర్వాత హీరోయిన్ మెడలో మూడంటే మూడు తెల్ల చుక్కలు పెట్టి నన్ను రోడ్డు మీదికి పంపాడు. అక్కణ్ణుంచి రవ్వల నెక్లెసు ధగధగలాడింది. "బస్సులో పోయేవోడు మూడు సెకన్లు సూత్తాడు. మూడు సుక్కలే ఇయ్యాల. మిగతా నెక్లెసు ఆడి బుర్ర సేయించుకుంటాది."

ఇంకోసారి ఒకే బూడిదరంగు తీసుకుని, తెల్ల గుడ్డ మీద ఒక పట్టీ, నల్ల గుడ్డ మీద ఒక పట్టీ వేశాడు. ఏది వెలుగ్గా ఉందని అడిగాడు. నల్లగుడ్డ మీదదే అన్నాను. రెండూ కత్తిరించి పక్కపక్కన పెట్టాడు. రెండూ ఒకటే. నాకు తల కొట్టేసినట్టయింది. "కంటిని నమ్మకు. బుర్రని అసలే నమ్మకు. అది కూకున్నచోట కూకునే బొమ్మలేత్తాది" అన్నాడు. ఇంత చెప్పిన పెద్దమనిషి తన కంటి దగ్గరికి వచ్చేసరికి దాన్నొక్కదాన్నే నమ్మాడు, మిగతా ప్రపంచాన్ని అనుమానించాడు.

ఆయనకో పద్ధతి ఉండేది. మొహమంతా అయ్యాక కళ్ళు వేసేవాడు. కళ్ళయ్యాక చేతులు కడుక్కుని వచ్చి బొట్టు పెట్టేవాడు. బొట్టు పెట్టాక ఇక ఆ మొహాన్ని ఎవరూ ముట్టకూడదు, తాను కూడా ముట్టడు. దేవతకి పెట్టినంత భక్తిగా పెట్టేవాడు. హాళ్ళ దగ్గర జనం ఆయన బ్యానరుని బొట్టు చూసే గుర్తుపట్టేవారు. కొంచెం పొడుగ్గా, కింది కొస సన్నగా ఉండేది.

1981 వానాకాలం నుంచి షెడ్డులో వస్తువులు మాయం కావడం మొదలైంది. నిజానికి ఏవీ మాయం కాలేదు. బావకి కనబడేవి కావు. పై మేకుకి తగిలించిన సుద్ద తాడు "ఎవడో తీసీసాడు" అనేవాడు. నేను తీసి ఇస్తే, "ఇప్పుడెట్టావు" అని నా చేతుల వంక చూసేవాడు. పదేళ్ళుగా తల వంచి వెళ్తున్న గుమ్మం పైకొయ్యకి నుదురు కొట్టుకున్నాడు. పరంజా అడ్డబొంగుకి రెండుసార్లు కొట్టుకున్నాడు.

"బొంగు కిందికి ఎవడు దింపాడు?" అని అడిగాడు.

"అదెప్పుడూ అక్కడే ఉంది బావా."

"అక్కడుంటే నాకు కనబడదేటి?"

అప్పటికి ఆయనకి సరిగ్గా నలభై రెండేళ్ళు. నా వేలి గోరంత రాతని దూరం నుంచి చదివేవాడు. రైలు గేటు అవతల గూడ్సు పెట్టె మీది నెంబరు చదివేవాడు. అలాంటివాడికి కళ్ళు పోతున్నాయని ఎవరికి తోస్తుంది? నాకు తోచింది వేరు. బావ మేనల్లుడు గవర్రాజని, ఇళ్ళకి రంగులు వేసేవాడు, పెళ్ళయి పిల్లలున్నవాడు, ఆ మధ్య షెడ్డుకి తరచుగా వస్తున్నాడు. నన్ను తప్పించి వాణ్ణి పెట్టుకోడానికి బావ సాకులు వెతుకుతున్నాడని నాకు రూఢి అయిపోయింది. అడుగుదామంటే నాకు పౌరుషం. అడగలేదు.

అప్పుడొచ్చింది బొట్టు గొడవ. ఒకరోజు ఆరడుగుల హీరోయిన్ మొహం పూర్తయింది. బావ బొట్టు పెట్టాడు, నేను కళ్ళారా చూశాను. పెట్టాక రెండడుగులు వెనక్కి జరిగి, పరంజా మీదే నిలబడి ఆమె కళ్ళలోకి చూస్తూ ఆగిపోయాడు.

"త్రినాథా, బొట్టేదిరా?"

"ఉంది కదా బావా."

"ఎక్కడుంది?"

"నుదుటి మీద. ఇంకెక్కడుంటాది."

ఆయన పరంజా దిగాడు. ఇరవై అడుగులు వెనక్కి నడిచి ఇటు తిరిగాడు. అక్కణ్ణుంచి బొట్టు నిక్షేపంలా కనబడింది. అది చూసి సంతోషించాడా? లేదు. నా దగ్గరికి వచ్చి నా చెయ్యి తిప్పి చూశాడు. బొటనవేలికి ఎరుపు అంటి ఉంది. రంగులు కలిపేవాడి వేలికి రంగు అంటక గంధం అంటుతుందా?

"నాను దిగి ఎనక్కి తిరిగేలోగా పెట్టీసావన్నమాట. చెరిపిందీ నువ్వే, పెట్టిందీ నువ్వే. నన్ను ఎర్రోణ్ణి సేసి ఆడుకుంటన్నావేటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనే ఆట ఆడుతున్నాడనుకున్నాను. ఆ ఏడాదిలో ఈ మాట నాలుగైదుసార్లు పడ్డాను. చేయని పనికి అన్నిసార్లు మాట పడితే మనిషికి ఏమవుతుందో నాకు తెలుసు. చేస్తే పోలేదా అనిపిస్తుంది.

చేశాను.

1982 ఎండాకాలం. టౌన్‌లో ఒక హాలుకి కొత్త సినిమా బ్యానరు. భార్యాభర్తల కథ. హీరోయిన్ మొహమే బ్యానరంతా. బావ బొట్టు పెట్టి, కిందికి దిగి, రోడ్డు అవతలి దాకా వెళ్ళి చూసుకుని, "బాగుంది" అని భోజనానికి ఇంట్లోకి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగి, "సెయ్యెట్టకు" అన్నాడు. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే బాగుండేది. టర్పెంటైన్ గుడ్డ తీసుకున్నాను. పరంజా ఎక్కాను. బొట్టు తుడిచేసి, ఆ చోట ఒంటిరంగు పూసి చదును చేశాను. నిజంగా చెరిపితే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడు బావా అని నా ఉక్రోషం. హాలు దగ్గర పైకి ఎక్కించే ముందు నేనే మళ్ళీ పెట్టేద్దామనుకున్నాను. చిన్న డబ్బాలో ఎరుపు, ఒక బ్రష్ సంచీలో వేసుకున్నాను కూడా.

బావ భోజనం చేసి వచ్చేసరికి తోపుడు బండి వచ్చేసింది. బ్యానర్ని వెనక్కి తిప్పి కట్టాం. ఆయన చూడలేదు. బండి ముందు వెళ్ళింది, నేను తాళ్ళు సర్దుకుని సైకిలు మీద బయల్దేరాను. ఈలోగా గేటు పడింది. పోర్టుకి ఇనపరాయి మోసుకెళ్ళే గూడ్సు, ఎన్ని పెట్టెలున్నాయో, వస్తూనే ఉంది. అది వెళ్ళాక ఎదురుగా ఖాళీ గూడ్సు వచ్చింది. నేను హాలు చేరేసరికి బ్యానరు పైకి ఎక్కిపోయి ఉంది. ముప్పై అడుగుల ఎత్తులో, బోసి నుదుటితో ఆవిడ నవ్వుతోంది. కట్టినవాళ్ళు నిచ్చెన తీసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు మొదటి ఆటకి వచ్చిన ఆడవాళ్ళు టిక్కెట్ల వరసలో నిలబడి పైకి చూశారు. "ఓలమ్మ, మొగుడు సచ్చిపోతాడు కావాల" అంది ఒకావిడ. "పెళ్ళి రోజు సూద్దామని వొచ్చాను, ఇంత అపశకునం నాకొద్దు" అని ఇంకొకావిడ వరసలోంచి బయటికి వచ్చేసింది. సినిమాలో మొగుడు చావడు. కానీ ఊరంతా చచ్చిపోతాడనే చెప్పుకుంది. బొమ్మ వారం ఆడలేదు. బాగాలేని సినిమా ఎలాగూ ఆడదు, కానీ పాపమంతా బొట్టు మీద పడింది. హాలు మేనేజరు శ్రీరామ్మూర్తి గారు అందరి ముందూ బావని నిలబెట్టి, "ముత్తైదువకి బొట్టు మర్చిపోయినోడివి, నీకు బ్రష్ ఎందుకయ్యా" అన్నారు. నలుగురూ నవ్వారు. బావ నవ్వినవాళ్ళని చూడలేదు. నన్నే చూశాడు.

"నాను పెట్టాను. నాను సూసాను. నువ్వే చెరిపీసావు" అన్నాడు.

"సింహాద్రప్పన్న మీద ఒట్టు బావా. నాను ముట్టలేదు."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. మా వైపు అప్పన్న మీద ఒట్టు వేస్తే ఇక మాట్లాడేవాడు ఉండడు. నలుగురూ నా పక్షమయ్యారు. తప్పు తాను చేసి బావమరిది మీద తోస్తున్నాడని అక్కడికక్కడే తేల్చేశారు. బావ మాత్రం, "ఇంక షెడ్డుకి రాకు" అని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నడుస్తూ సోడా బండి గొడుగు కమ్మీకి నుదురు కొట్టుకున్నాడు.

నేను పోర్టులో ఒక కాంట్రాక్టరు కింద చేరాను. క్రేన్ల మీద నెంబర్లు, గోడౌన్ల మీద అక్షరాలు రాసే పని. మొహాలు లేవు, బొట్లు లేవు. నెంబరు చెరిగితే మళ్ళీ రాస్తారు, అంతే. ఎనిమిది నెలలు బావ ముఖం చూడలేదు. గవర్రాజు షెడ్డులో చేరాడేమోనని మాత్రం ఆరా తీశాను. చేరలేదు. అప్పటికి ఇళ్ళ పనే మానేసి ఆటో కొనుక్కున్నాడట. అది విన్న రోజు ఒకే నెంబరు రెండు క్రేన్ల మీద రాసేశాను.

ఫిబ్రవరిలో అప్ప పోర్టు గేటు దగ్గరికి వచ్చింది. టిఫిను డబ్బా నా చేతిలో పెట్టింది.

"ఒరే తమ్ముడూ, మీ బావకి నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయిరా. గుమ్మానికి కొట్టుకున్నాడు. పైనున్న గిన్నెలు నాను దాచేత్తన్నానంట. దండెం కిందికి దింపీసానంట. నాకూ నీకూ మాటలు కలిసాయంట. ఇయ్యాల నన్నే అనుమానిత్తన్నాడు. మతి పోతందేటిరా ఆయనకి?"

గుమ్మం పైకొయ్య. పై గిన్నెలు. దండెం. మేకుకి తగిలించిన తాడు. అడ్డబొంగు. బొట్టు. అన్నీ పైనున్నవే. అప్పుడు గానీ నా మట్టిబుర్రకి తట్టలేదు. మతి కాదు, కన్ను. కానీ ఇక్కడో మాట దాచకుండా చెప్పాలి. అది తట్టగానే నాకు మొదట కలిగింది జాలి కాదు. ఆయన కళ్ళే చెడ్డవైతే ఆ బొట్టు కూడా ఆ పద్దులోనే పోతుంది, నా ఒట్టు నిలబడుతుంది అన్న ధైర్యం. ఆ తర్వాతే జాలి వచ్చింది.

మర్నాడే కంటి ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు భ్రమరాంబ గారు పెద్దావిడ, కసిరినట్టు మాట్లాడేది. రోగి లేకుండా వచ్చినందుకు ముందు చీవాట్లు పెట్టింది. చెప్పిందంతా విని ఒక కాగితం తీసుకుని, ఎడమవైపు చిన్న గుణకారం గుర్తు, దానికి అర జానెడు దూరంలో కుడివైపు నల్ల చుక్క పెట్టింది.

"ఎడమ కన్ను మూసి, ఆ గుర్తునే చూడు. కాగితం మెల్లిగా దగ్గరికి తెచ్చుకో. చుక్కని చూడకు."

తెచ్చుకున్నాను. మూరెడు దూరంలో చుక్క మాయమైపోయింది. నేను కాగితాన్ని అనుమానంగా తిప్పి చూశాను. చుక్క ఉంది. మళ్ళీ పెట్టుకుంటే లేదు.

"చుక్క ఉన్నచోట ఏం కనబడింది?"

"కాయితమండి."

"చిల్లు కనబడిందా? నల్లగా ఏమన్నా?"

"లేదండి. తెల్ల కాయితమే."

"అదీ సంగతి. కంట్లోంచి నరం బయటికి వెళ్ళే చోట చూపు లేదు. నీకూ లేదు, నాకూ లేదు. కానీ మనకి చిల్లు కనబడదు. చుట్టూ ఏముంటే దాన్నే మెదడు అక్కడ పరిచేస్తుంది. మీ బావకి అలాంటి చోటు పెరిగిపోతూ ఉండొచ్చు. కంట్లో ఒత్తిడి పెరిగితే నరం చచ్చిపోతుంది. నీటికాసులంటారు. నొప్పి ఉండదు. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది కనక రోగికి తెలియదు. నుదుటి చర్మం మధ్యలో బొట్టుంటే, బొట్టు పోయి చర్మం మిగులుతుంది. దూరం వెళ్తే మొహమంతా చిన్నదై చూపున్న చోటే పడుతుంది, బొట్టు మళ్ళీ కనబడుతుంది. ఉన్నది మాయమవుతుందయ్యా. లేనిది మాత్రం కొత్తగా పుట్టుకురాదు."

ఆ చివరి మాట నేను అప్పుడు పట్టించుకోలేదు.

"ఎంత తొందరగా తీసుకొస్తే అంత చూపు మిగులుతుంది. పోయింది తిరిగిరాదు" అంది.

తీసుకురావడం ఎలా? నేను చెప్పానంటే బావ రాడు. షెడ్డు లాక్కోడానికి తనకి గుడ్డివాడన్న ముద్ర వేస్తున్నానంటాడు. అప్ప చెప్పినా రాడు, మా ఇద్దరికీ మాటలు కలిశాయిగా. ఇంకొకరి మాట మీద ఆయన తన కన్నుని అనుమానించడు. ఆ సంగతి డాక్టరమ్మకి చెబితే, "అయితే తన చేత్తో తననే చూసుకోమను" అని ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటి చెప్పింది. అది అప్పకి నేర్పాను. కాగితం మీది చుక్క కూడా ఇచ్చి పంపాను. నా పేరు ఎత్తవద్దన్నాను.

తర్వాత జరిగింది అప్ప చెప్పగా విన్నదే. చుక్క మాయమవడం చూసి బావ షెడ్డులోకి వెళ్ళి రేకు తలుపు వేసుకున్నాడు. అప్ప సందులోంచి చూసింది. పెద్ద గుడ్డ మీద సుద్ద తాడుతో గళ్ళు కొట్టాడు. నట్టనడి గడిలో మేకు దిగ్గొట్టాడు. బారు కర్ర కొసకి సుద్దముక్క కట్టి, దాని మీద అప్ప స్టిక్కరు బొట్టు ఒకటి అంటించాడు. స్టూలు వేసుకుని, గడ్డం కింద ఇటుకలు పేర్చుకున్నాడు, తల కదలకుండా. ఒక కంటికి గుడ్డ కట్టుకుని, మేకునే చూస్తూ కర్రని గడి గడికీ జరిపాడు. బొట్టు మాయమైన ప్రతి గడిలోనూ కర్రని గుడ్డకేసి ఒత్తాడు, సుద్ద మచ్చ పడేలా. తర్వాత రెండో కన్ను. తర్వాత రెండు కళ్ళూ తెరిచి ఇంకోసారి. పొద్దున మొదలుపెట్టినవాడు మధ్యాహ్నం దాకా అదే పని. మరొకరి చెయ్యి పడలేదు, మరొకరి మాట లేదు. అన్నీ అయ్యాక లేచి వెనక్కి వెళ్ళి, గుడ్డని తేరిపార చూశాడు.

మేకు పైన కొడవలి ఆకారంలో సుద్ద మచ్చలు, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా.

అప్ప లోపలికి వెళ్ళేసరికి నేల మీద కూచుని ఉన్నాడట. "ఇన్నాళ్ళూ జనం బుర్రల సేత బొమ్మలేయించుకున్నాను గంగా. నా బుర్ర నాకే బొమ్మలేసి పెట్టిందే. నాను నమ్మీసాను" అన్నాడట. నుదుటి కుట్ల మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చాడట. మా బావ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అది చూడనందుకు నా అదృష్టానికి దండం పెట్టుకుంటాను.

ఆయనే కబురు పంపాడు. నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆ గుడ్డని చుట్టి భుజం మీద మోసుకొచ్చాడు. డాక్టరమ్మ దాన్ని పరిచి చూసి, తన యంత్రంతో చేసిన పటం పక్కన పెట్టుకుని, మొదటిసారి మెత్తగా మాట్లాడింది. "బాగా గీశారు. ఇదే ఆకారం. ఏడాది ముందు వచ్చి ఉంటే ఇందులో సగం ఉండేది." నాకు చెప్పినవన్నీ ఆయనకీ చెప్పింది. రోజుకి రెండుసార్లు చుక్కల మందు, బతికినంతకాలం. మిగిలింది నిలబడుతుంది, పోయింది పోయినట్టే.

సగం ఉండేది. ఆ ఏడాదిలో ఎనిమిది నెలలు నేను పోర్టులో నెంబర్లు రాస్తున్నాను. పక్కన ఉండి ఉంటే ఇదంతా ముందే తట్టేదేమో. నేను గుడ్డ తీసుకుని పరంజా ఎక్కకపోతే పక్కనే ఉండేవాణ్ణి. ఇంటికి వచ్చే బస్సులో బావ నా చెయ్యి పట్టుకుని, "అన్యాయంగా మాటలన్నాన్రా నిన్ను" అన్నాడు. "పోనీ బావా" అన్నాను.

మళ్ళీ షెడ్డులో చేరాను. 1983 దసరాకి మొదటి పెద్ద బ్యానరు వచ్చింది. శ్రీరామ్మూర్తి గారే నిరుటి సంగతి మర్చిపోయి, కాదు, మర్చిపోయినట్టు నటించి, ఇచ్చారు. గళ్ళు నేను కొట్టాను. మొహం బావ వేశాడు, తల పైకీ కిందికీ తిప్పుకుంటూ, రెండింతల కాలం తీసుకుని. కళ్ళు వేశాడు. చేతులు కడుక్కున్నాడు. బొట్టు పెట్టాడు. పరంజా మీదే రెండడుగులు వెనక్కి జరిగి ఆమె కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు.

"త్రినాథా, బొట్టుందా?"

"ఉంది బావా."

తల ఎత్తితే ఆయనకే కనబడుతుంది. ఎత్తలేదు. బ్రష్ తుడుచుకుంటూ అడిగాడు.

"డాక్టరమ్మ ఏటంది? ఉన్నది మాయమవుద్ది, లేనిది పుట్టదు. అంతేనా?"

"అంతే."

"నాను ఆ గుడ్డ ముందు కూకుని అన్నీ ఎతుక్కున్నాను. తాడు నా కన్ను. బొంగు నా కన్ను. మొదట మాయమైన బొట్లన్నీ నా కన్నే. నీ మీద ఏసిన నిందలన్నీ ఒక్కోటీ తీసీసాను. ఒక్కటి మిగిలిపోయిందిరా. ఆ రోజు అన్నానికి ఎల్లేముందు రోడ్డు అవతల నిలబడి సూసాను. బొట్టు కనబడింది. నాకు కనబడిందంటే అది ఉన్నట్టే."

గేటు అవతల గూడ్సు పోతోంది. చెప్పాలి, కాళ్ళ మీద పడాలి అనుకున్నాను. చెప్పకుండా రంగు పలక గీకుతూ ఉండిపోయాను.

"అప్పన్న మీద ఒట్టేసావు" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది. "మీ అప్పకి సెప్పకు. తట్టుకోలేదు. కింద సినిమా పేరు రాయి, పొద్దు పోతంది."

రాశాను. ఆ రోజు రాసినంత వంకరగా నేనెప్పుడూ రాయలేదు. ఆయన దిద్దమనలేదు.

ఆ తర్వాత ఐదేళ్ళు, 1988లో చేతులు వణికి బ్రష్ దించేసేదాకా, ప్రతి బ్యానరుకీ అదే జరిగింది. బొట్టు పెట్టడం, వెనక్కి జరగడం, "త్రినాథా, బొట్టుందా?" అని అడగడం. నేను ప్రతిసారీ పరంజా ఎక్కి, దగ్గరగా చూసి, అప్పుడు చెప్పేవాణ్ణి. ఒక్కసారి కూడా ఆయన తల ఎత్తి సరిచూసుకోలేదు. సఫేదా డబ్బా మీద వేలిముద్ర మాత్రం చివరిదాకా వేస్తూనే ఉన్నాడు.

నన్ను నమ్మి అడిగేవాడో, నాకు గుర్తుచేయడానికి అడిగేవాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆయన ఉన్నన్నాళ్ళూ అడిగే ధైర్యం చాలలేదు. నేను మాత్రం ఇప్పటికీ ఏ బొమ్మ ముందు నిలబడినా మొదట నుదురు చూస్తాను. బొట్టుంటే, "ఉంది బావా" అని పైకే అంటాను.